చిన్న స్పీకర్లు, చాలని బేస్: ఆంప్లిఫైయర్ ఎంపికలో చూడవలసిన లెక్కలు

ఐదంగుళాల వూఫర్ (దిగువ స్వరాలు పలికించే భాగం) ఉన్న స్పీకర్ల జత కొని, వారం రోజులు విన్న తరువాత చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: గాత్రం బాగుంది, వీణ బాగుంది, బేస్, అంటే దిగువ స్వరాల గంభీరత, మాత్రం చాలడం లేదు, ఇంకా పెద్ద ఆంప్లిఫైయర్ తీసుకోమంటారా? ఒంగోలులో మా వీధిలోనే ఈ ప్రశ్న నన్ను అడిగినవారు ముగ్గురున్నారు. ఒకాయనను ఆంప్లిఫైయర్ మార్చమన్నాను, మరొకాయనను స్పీకర్లు గోడ దగ్గరకు జరపమన్నాను, మూడో ఆయనను ఉన్న ఆంప్లిఫైయర్ ఉంచుకుని సబ్‌వూఫర్ (అట్టడుగు స్వరాలకే ప్రత్యేకించిన స్పీకర్ పెట్టె) కొనుక్కోమన్నాను. ఒకే ప్రశ్నకు మూడు జవాబులేమిటని వారు తరువాత నన్ను నిలదీశారు గనుక, వాటి వెనుక ఉన్న లెక్కలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

బేస్ అంటే గాలిని కదిలించడం. ఐదంగుళాల వూఫర్‌లో చట్రాన్ని, అంచు రబ్బరును లెక్కలోంచి తీసివేస్తే గాలిని నెట్టే కోన్, అంటే గరాటు ఆకారపు పొర, వైశాల్యం సుమారు 90 చదరపు సెంటీమీటర్లు మిగులుతుంది. మంచి వూఫరైతే ఆ కోన్ ముందుకు 5, వెనక్కు 5 మిల్లీమీటర్ల వరకు ధ్వని చెడకుండా కదలగలదు. మూసిన పెట్టెలో ఇంత కదలికతో 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) దగ్గర ఒక మీటరు దూరంలో వచ్చే ధ్వని దాదాపు 86 డెసిబెల్స్. అదే కదలికతో 80 హెర్ట్జ్ దగ్గరైతే 98 డెసిబెల్స్ వస్తాయి. పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ అదే ధ్వని స్థాయికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలవలసి ఉంటుంది గనుక ఈ తేడా తప్పదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ స్వరాన్ని పెళ్లి పందిరి స్థాయిలో వినాలని కోరుకుంటే, వెనుక 50 వాట్లున్నా 500 వాట్లున్నా ఐదంగుళాల కోన్ చేయగలిగింది ఏమీ లేదు. ఎక్కువైన వాట్లు వాయిస్ కాయిల్‌ను (కోన్‌ను కదిలించే తీగచుట్టను) వేడెక్కిస్తాయి, లేదంటే కోన్ తన హద్దుకు తగిలి టక్కుమని కొట్టుకుంటుంది.

పెట్టెకు రంధ్రం, అంటే పోర్ట్, ఉన్న స్పీకర్లలో ఆ రంధ్రం శ్రుతి చేసిన పౌనఃపున్యం దగ్గర కోన్‌కు కొంత విశ్రాంతి దొరుకుతుంది, ధ్వని రంధ్రం నుంచే ఎక్కువగా వస్తుంది. అంతకంటే దిగువకు పోతే మాత్రం పెట్టెలోని గాలి కోన్‌ను పట్టి ఉంచదు. వినిపించే బేస్ లేకపోయినా కోన్ విపరీతంగా ఊగుతుంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకు ఎక్కువ ధ్వని, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయన్న సూత్రాన్ని కేఎల్‌హెచ్ సంస్థ స్థాపకులలో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో చెప్పుకుంటారు. 1970లలో బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ ఇందుకు మంచి ఉదాహరణ: సుమారు 5 లీటర్ల మూసిన పెట్టె, ఐదంగుళాల వూఫర్, 82, 83 డెసిబెల్స్ సెన్సిటివిటీ (దీని అర్థం కింద ఉంది). గాత్రానికి అది ఈనాటికీ ఆదర్శమే, కానీ దానిని దద్దరిల్లించాలని ప్రయత్నించినవారు వూఫర్లు కాల్చుకున్నారు.

ఎన్ని వాట్లు నిజంగా అవసరం?

సెన్సిటివిటీ అంటే స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో వినిపించే ధ్వని. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం. 8 ఓమ్స్ స్పీకర్‌కైతే ఆ వోల్టేజి ఒక వాటుతో సమానం, 4 ఓమ్స్‌కైతే రెండు వాట్లతో సమానం. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ కరపత్రంలోని అంకె కొంత ఉదారంగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. మన దగ్గర దొరికే చిన్న స్పీకర్లలో ఎలాక్ డెబ్యూ బీ5.2, కెఫ్ క్యూ150 రెండూ 86 డెసిబెల్స్, క్యూ అకూస్టిక్స్ 3020ఐ 88 డెసిబెల్స్ అని వాటి తయారీదారులు చెబుతారు.

86 డెసిబెల్స్ స్పీకర్ల జతకు రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్నామనుకుందాం. దూరం వల్ల పోయేది 8 డెసిబెల్స్, రెండు స్పీకర్లు కలిసి, గది గోడలు కలిసి తిరిగి ఇచ్చేది దాదాపు 6; అంటే ఒక్కో స్పీకర్‌కు ఒక వాటు ఇస్తే మన చెవికి 84 డెసిబెల్స్ చేరతాయి. రాత్రిపూట హాయిగా వినే సగటు 75 డెసిబెల్స్ అనుకున్నా, మృదంగం దెబ్బకో డ్రమ్ దెబ్బకో ధ్వని సగటుకంటే 20 డెసిబెల్స్ పైకి ఎగురుతుంది గనుక 95 కావాలి. అందుకు 13 వాట్లు చాలు. పండుగ రోజు హుషారుగా 83 సగటున వినాలంటే, ఆ ఎగురుడుకు 103 కావాలి. అందుకు 80 వాట్లు అవసరం. 3 డెసిబెల్స్ పెరగడానికి వాట్లు రెట్టింపు కావాలని, 10 పెరగడానికి పది రెట్లు కావాలని తెలిస్తే ఈ లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు. 40 వాట్ల ఆంప్లిఫైయర్‌ను 60 వాట్లదానితో మార్చితే వచ్చే లాభం రెండు డెసిబెల్స్ కూడా కాదు. అది చెవికి అందీ అందని తేడా.

అయితే వాట్లు మరీ తక్కువైనప్పుడు మొదట దెబ్బ తినేది బేసే. పాటలో అత్యధిక వోల్టేజి అడిగేవి దిగువ స్వరాలు గనుక, ఆంప్లిఫైయర్ చేయి చాలనప్పుడు ఆ అలల తలలు తెగిపోయి, దెబ్బలోని పటుత్వం పోయి, డబ్బా మోగినట్లు ఉంటుంది. బేస్ గుండీని 6 డెసిబెల్స్ తిప్పితే ఆ పౌనఃపున్యాల వద్ద నాలుగు రెట్ల వాట్లు అడుగుతున్నట్లని మరిచిపోకూడదు. నేను ఆంప్లిఫైయర్ మార్చమన్న మొదటి ఆయన ఇబ్బంది ఇదే.

అసెంబుల్డ్ సెట్టు, చిన్న క్లాస్ డి, కంపెనీ ఆంప్లిఫైయర్

ఆయన వాడుతున్నది మన ఊళ్లలో దుకాణంలో చేయించుకునే అసెంబుల్డ్ సెట్టు. మీద 200 వాట్లని స్టిక్కరు ఉంది. విప్పి చూస్తే లోపల 12-0-12 (నడిమి తీగకు రెండు వైపులా 12 వోల్టులు ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. వాట్ల అసలు సంగతి చెప్పేది ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మరే. 12 వోల్టుల ఏసీని డయోడ్లు దాటిస్తే సుమారు 16 వోల్టుల డీసీ వస్తుంది. ఐసీ (ధ్వనిని పెంచే చిప్పు) తన వంతు మూడు వోల్టులు మింగితే మిగిలేది 13. పదమూడును పదమూడుతో గుణించి, రెండు ఎనిమిదులు పదహారుతో భాగిస్తే 8 ఓమ్స్ స్పీకర్‌కు పది వాట్లకు కాస్త పైన వస్తాయి. బోర్డు ఎంత గొప్పదైనా, దాని మీద 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఎన్ని జతలు బిగించినా ఈ లెక్క మారదు. అదే 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిస్తే, భారం మీద వోల్టేజి కొంత దిగినా, 8 ఓమ్స్‌కు 45, 50 వాట్లు నికరంగా వస్తాయి. పీఎంపీఓ (ప్రచారం కోసం చెప్పే గరిష్ఠ వాట్లు) అని రాసిన అంకెలకు కొలత విలువ లేదు. నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లు ఎన్ని, ఎన్ని ఓమ్స్ దగ్గర, అని అడగడమే సరైన పద్ధతి.

అసెంబుల్డ్ సెట్టును తీసిపారేయవలసిన పని లేదు. ఎల్ఎం3886 లేదా టీడీఏ7294 ఐసీతో, సరైన ట్రాన్స్‌ఫార్మర్‌తో, చేయి తిరిగిన మెకానిక్ కట్టిన ఆంప్లిఫైయర్ చిన్న స్పీకర్లను చక్కగా నడుపుతుంది. చెడిపోతే ఆ ఊళ్లోనే బాగవుతుంది, అది చిన్న సౌకర్యం కాదు. అడగవలసినవి రెండే: ట్రాన్స్‌ఫార్మర్ ఎంత, హీట్ సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) ఎంత. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలున్నప్పుడు ఆ ఐసీ చల్లబడటానికి మిగిలే వెసులుబాటు తక్కువ. చేయి ఆనించలేనంతగా కాలే సెట్టు రోహిణీ కార్తెలో పాట మధ్యలో తనంతట తానే ఆగిపోతుంది. బేస్ పెంచే ప్రీ-ఆంప్ బోర్డులు, సబ్ ఫిల్టర్ బోర్డులు ఒకదాని మీద ఒకటి తగిలించడాన్ని మాత్రం నేను సమర్థించను. అవి 60, 100 హెర్ట్జ్ మధ్య గుట్టలా లేపి బేస్ వచ్చినట్లు భ్రమ కలిగిస్తాయి. ఒక పాటలో బాగుంటుంది, తరువాతి పాటలో గాత్రం కుండలోంచి వచ్చినట్లు ఉంటుంది.

ఇంటర్నెట్‌లో తెప్పించుకునే అరచేతంత క్లాస్ డి (అతివేగంగా స్విచ్ అవుతూ పనిచేసే రకం) ఆంప్లిఫైయర్లది మరో కథ. వీటిలో ఎక్కువగా కనిపించే చిప్పులు రెండు, టీపీఏ3116, టీపీఏ3255. రెండూ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారీవే. మొదటి చిప్పు ఉన్న పెట్టె మీద రెండు వైపులా చెరి 100 వాట్లని రాసి ఉండవచ్చు, కానీ దానికి 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే గోడలోంచి వచ్చేదే 24 వాట్లు; 8 ఓమ్స్ స్పీకర్‌కు ఒక్కో వైపు ఏడెనిమిది వాట్లకు మించదు. దానికే 24 వోల్టుల అడాప్టర్ పెడితే ముప్పై వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. చిన్న పడకగదిలో 88 డెసిబెల్స్ స్పీకర్లకు అది నిజంగా సరిపోతుంది. టీపీఏ3255 చిప్పును 48 వోల్టుల సరఫరాతో నడిపితే ఐదారంగుళాల స్పీకర్ ఏదైనా అడిగినదానికంటే ఎక్కువే ఉంటుంది. క్లాస్ డికి వేడి తక్కువ, కరెంటు ఖర్చు తక్కువ, మన ఎండలకు ఇది పెద్ద అనుకూలత. చిప్పు ఏదైనా డబ్బు పెట్టవలసింది అడాప్టర్ మీద. నాసిరకం అడాప్టర్ ఉన్న మంచి చిప్పుకంటే, మంచి అడాప్టర్ ఉన్న మామూలు చిప్పు బేస్ బాగా పలికిస్తుంది.

యమహా ఏ-ఎస్301, డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ, మరాంజ్ పీఎం6007 వంటి కంపెనీ ఆంప్లిఫైయర్ల ధర ఈ చిన్నవాటికి నాలుగైదు రెట్లు ఉంటుంది. 8 ఓమ్స్‌కు మొదటిది 60, మిగిలిన రెండూ 45 వాట్లు. వాట్ల లెక్కలో చూస్తే ఇంత ధర ఎందుకనిపిస్తుంది. బేస్ దృష్టితో ఇలాంటివాటిలో వెతకవలసినవి రెండు: సబ్‌వూఫర్ అవుట్ (సబ్‌వూఫర్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్), లౌడ్‌నెస్. తక్కువ ధ్వని వద్ద మన చెవికి దిగువ స్వరాలు తక్కువగా వినిపిస్తాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు; లౌడ్‌నెస్ ఆ లోటును సరిచేయడానికి పుట్టింది. రాత్రి పదింటి తరువాత, పిల్లలు పడుకున్నాక వినేవారికి ఇది వంద వాట్లకంటే ఎక్కువ ఉపకరిస్తుంది. యమహాలో దీనికి మీటలా కాక తిప్పుడు గుండీ ఉంటుంది. ధ్వని స్థాయిని బట్టి కావలసినంతే ఇచ్చుకోవచ్చు. ఈ మూడింటిలో నన్ను ఒకటి ఎంచుకోమంటే, ఒక్క ఈ గుండీ కోసమే యమహా అంటాను.

వాల్వు (గాజు గొట్టాల) ఆంప్లిఫైయర్ గురించి రెండు మాటలు చాలు. ఈఎల్84 వాల్వు ఒక్కటే ఉన్న సింగిల్ ఎండెడ్ రకం ఇచ్చేది ఐదు వాట్లు. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దిగువ పౌనఃపున్యాల వద్ద ముందుగా అలసిపోతుంది. అందమైన వస్తువే, కానీ 86 డెసిబెల్స్ స్పీకర్లతో బేస్ కోసం కొనేది కాదు.

హైఫై ప్రియులు చిన్నచూపు చూసే ఏవీ రిసీవర్‌ను మాత్రం నేను గట్టిగా సిఫారసు చేస్తాను. సినిమాల కోసం చేసిన ఆ పెట్టెలో స్పీకర్లను స్మాల్ అని ఎంచుకుంటే 80 హెర్ట్జ్ కంటే దిగువ స్వరాలు చిన్న స్పీకర్లకు పోవు, సబ్‌వూఫర్‌కు మళ్లుతాయి. చిన్న కోన్‌కు అసాధ్యమైన పని తప్పిపోతుంది గనుక గాత్రం కూడా తేటపడుతుంది. మంచి స్థితిలో ఉన్న పాత రిసీవర్ దొరికితే, ఖరీదైన రెండు చానెళ్ల ఆంప్లిఫైయర్‌కంటే బేస్‌లో అదే మెరుగు. పైన చెప్పిన మూడు కంపెనీ ఆంప్లిఫైయర్లలో సబ్ అవుట్ ఉన్నా, చిన్న స్పీకర్లకు మాత్రం అన్ని స్వరాలూ పోతూనే ఉంటాయి. చేతిపని తెలిసినవారు ఈ లోటును ఒక్క కెపాసిటర్‌తో పూడ్చవచ్చు: ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 20 కిలో ఓమ్స్ ఉన్న పవర్ బోర్డు ముందు, సిగ్నల్ తీగకు వరుసలో 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెడితే 80 హెర్ట్జ్ నుంచి దిగువకు మెల్లగా తగ్గుతుంది. సబ్‌కు వెళ్లే తీగను ఆ కెపాసిటర్‌కు ముందే చీల్చుకోవాలి.

డాంపింగ్ ఫ్యాక్టర్, ఓమ్స్, తీగలు

డాంపింగ్ ఫ్యాక్టర్ అంటే స్పీకర్ ఓమ్స్‌ను ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె. అది 500 గనుక బేస్ బిగువుగా ఉంటుందని చెప్పే అమ్మకందారు మాటను సగమే నమ్మాలి. ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్ ఎంత తక్కువైతే కోన్‌ను అంత గట్టిగా ఆపుతుందన్నది నిజమే. కానీ ఆ ఆపే కరెంటు వాయిస్ కాయిల్ గుండా కూడా పోవాలి. 8 ఓమ్స్ వూఫర్ కాయిల్ రెసిస్టెన్సే దాదాపు 6 ఓమ్స్. డాంపింగ్ ఫ్యాక్టర్ 100 అయితే మొత్తం 6.08, 500 అయితే 6.016, ఒక శాతం తేడా ఎవరి చెవికీ అందదు. 20 దాటిన తరువాత ఈ అంకెను చూడటం మానేయవచ్చు. అవుట్‌పుట్ రెసిస్టెన్స్ రెండు మూడు ఓమ్స్ ఉండే వాల్వు ఆంప్లిఫైయర్లలో మాత్రం ఇది పెద్ద విషయం. అక్కడ వూఫర్ సహజంగా ఊగే పౌనఃపున్యం దగ్గర బేస్ ఉబ్బి వదులవుతుంది.

తీగల విషయంలోనూ ఇదే లెక్క. ఐదు మీటర్ల దూరానికి, పోను రాను పది మీటర్లు, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ 0.23 ఓమ్స్ తింటుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 0.07 ఓమ్స్ తింటుంది. ఇళ్ల వైరింగ్‌కు వాడే 2.5 రాగి తీగ మెలిపెట్టి వాడుకుంటే చాలు. అంతకుమించి తీగకు పెట్టే ఖర్చు కళ్లకు ఆనందమే తప్ప చెవులకు కాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో, కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు, రాగి కొసలు ఉప్పు గాలికి ఏడాదిలోనే నల్లబడి పచ్చబడతాయి; అప్పుడప్పుడు కొస కత్తిరించి కొత్తగా బిగించుకోవాలి. అదే తేమకు పాత స్పీకర్ల స్పాంజి అంచులు పొడిపొడిగా రాలిపోతాయి గనుక సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు రబ్బరు అంచున్నవే చూసుకోవాలి.

స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అన్ని పౌనఃపున్యాల వద్ద 8 ఉండదు. కెఫ్ క్యూ150 ఒకచోట 3.7 వరకు దిగుతుందని తయారీదారే ప్రకటించాడు. 4 ఓమ్స్‌కు తగదని రాసి ఉన్న ఆంప్లిఫైయర్‌తో ఇలాంటి స్పీకర్‌ను జతచేయడం మంచిది కాదు. 8 ఓమ్స్‌కు 45 వాట్లు ఇచ్చే డెనాన్ 4 ఓమ్స్‌కు 70 ఇస్తుందని చెబుతారు. 4 ఓమ్స్ వద్ద వాట్లు ఇలా బాగా పెరిగితే కరెంటు ఇచ్చే సత్తా ఉన్నట్లు.

గది

రెండో ఆయనకు ఆంప్లిఫైయర్ సరిగానే ఉంది, స్పీకర్లూ సరిగానే ఉన్నాయి. ఏదో విదేశీ సలహా చదివి స్పీకర్లను గోడ నుంచి మీటరు ముందుకు జరిపారు. వెనుక గోడకు తగిలి తిరిగి వచ్చే ధ్వని, మీటరు దూరమైతే 86 హెర్ట్జ్ దగ్గర అసలు ధ్వనిని కొట్టివేస్తుంది. అది సరిగ్గా బేస్ దెబ్బ ఉండే చోటు. 20, 25 సెంటీమీటర్లకు జరపగానే ఆ కొట్టివేత పైకి, 350, 430 హెర్ట్జ్ మధ్యకు పోయి, దిగువ స్వరాలకు గోడ బలం తోడైంది. రూపాయి ఖర్చు లేదు. వెనుక వైపు పోర్ట్ ఉన్న స్పీకరైతే జాగా ఇంకొంచెం ఉంచి, ఎక్కువనిపిస్తే పోర్ట్‌లో స్పాంజి కుక్కి చూడాలి.

మన ఇళ్ల ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు, రాతి నేల బేస్‌ను బయటకు పోనివ్వవు. చెక్క గోడల ఇళ్లకంటే మన గదులలో బేస్ ఎక్కువే నిలుస్తుంది, కానీ సమంగా నిలవదు. 12 అడుగుల పొడవున్న గది 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పు 56 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. అటువంటి గది నట్టనడుమ కూర్చుంటే ఆ రెండు స్వరాలూ దాదాపు మాయమవుతాయి, గోడకు ఆనుకుని కూర్చుంటే విపరీతమవుతాయి. ఆంప్లిఫైయర్ కొనేముందు కుర్చీని రెండడుగులు వెనక్కు జరిపి వినడం అందుకే అవసరం. పరీక్షకు మన నెల్లూరు గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు చాలు: మెల్లని పాటలో ఆ గొంతు దిగువ స్థాయికి వచ్చినప్పుడు ఛాతీలోంచి వచ్చినట్లు ఉంటే సరే, బిందెలోంచి వచ్చినట్లు ఉంటే స్పీకర్లు మూలకు మరీ దగ్గరగా ఉన్నాయన్నమాట. పలుచని బల్ల మీద పెట్టిన స్పీకర్ బల్లనే మోగిస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తుక్కు ముక్కలు మన వైపు సులువుగా దొరుకుతాయి, వాటి కింద సైకిల్ ట్యూబు ముక్కలు వేసి, మీద స్పీకర్ పెడితే విదేశీ స్టాండ్లకు తీసిపోదు.

ఇక మూడో ఆయన. 16 అడుగుల హాలు, 60 వాట్ల మంచి ఆంప్లిఫైయర్, ఐదంగుళాల స్పీకర్లు, ఇష్టమేమో ఇళయరాజా పాటల్లోని బేస్ గిటార్. ఆయన 120 వాట్లది కొంటే గరిష్ఠంగా 3 డెసిబెల్స్ వస్తాయి, అవి కూడా కోన్ ఓర్చుకుంటే. పదంగుళాల సబ్‌వూఫర్ కోన్ వైశాల్యం సుమారు 330 చదరపు సెంటీమీటర్లు, అది అటూ ఇటూ 10 మిల్లీమీటర్లు కదిలినా, ఐదంగుళాలదానికి ఏడు రెట్లకు పైగా గాలిని నెడుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర అది 17 డెసిబెల్స్ లాభం. ఆంప్లిఫైయర్ మార్చడానికి పెట్టదలచిన డబ్బుతోనే ఆయన సబ్ కొన్నారు.

కాబట్టి పడకగదిలో, తక్కువ ఖర్చుతో వినాలనుకునేవారు 88 డెసిబెల్స్ స్పీకర్లకు 24 వోల్టుల అడాప్టర్‌తో చిన్న క్లాస్ డి తీసుకోవచ్చు. 12, 10 అడుగుల గదిలో ఒక్క జతతోనే సరిపెట్టుకునేవారికి లౌడ్‌నెస్, సబ్ అవుట్ ఉన్న 45, 60 వాట్ల కంపెనీ ఆంప్లిఫైయర్, లేదా 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించిన అసెంబుల్డ్ సెట్టు. హాలుకైతే ఏవీ రిసీవర్, సబ్. కరెంటు పోయినప్పుడు కూడా వినాలనుకుంటే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లు గుయ్‌మంటాయి.

మూడో ఆయన ఇంట్లో సబ్ పెట్టిన మొదటి రాత్రే బేస్‌తో పాటు ఒక గలగల వినిపించింది. స్పీకర్ చెడిపోయిందని కంగారుపడ్డారు. వెతకగా అది అటక మీది ఇత్తడి బిందెలు, స్టీలు బీరువా తలుపు. బిందెల మధ్య పాత దుప్పటి కుక్కి, తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించాక ఆగిపోయింది.